గడ్డకు సూది పెట్టి చూసే డాక్టరు గారు: ఎంవీపీ కాలనీలో ఒక జంతువైద్యశాల

కుక్క ఒంటి మీద గడ్డ ఉందని తీసుకెళితే డాక్టరు ఏం చేస్తారన్న దాన్ని బట్టే జంతువైద్యశాల మంచిచెడ్డలు తేల్చుకోవచ్చని నా నమ్మకం. విశాఖపట్నం ఎంవీపీ కాలనీ డబుల్ రోడ్డుకు పక్క వీధిలో ఉన్న ఈ చిన్న వైద్యశాలలో గడ్డను వేళ్ళతో నొక్కి చూసి "కొవ్వు గడ్డేనమ్మా" అని పంపించెయ్యరు. సూది పెట్టి లోపలి కణాలను గాజుపలక మీదికి తీసి, మైక్రోస్కోపు కింద చూస్తారు. చూశాకే మాట్లాడతారు. మా కుక్క బంగారికి ఉన్న రెండు గడ్డల్లో పక్కటెముకల మీద నిమ్మకాయంత ఉన్నది వట్టి కొవ్వు అని, తొడ మీద బఠాణీ గింజంత ఉన్నది క్యాన్సరు అని అలాగే తెలిసింది. ఇంట్లో అందరూ కంగారుపడింది పెద్దదాన్ని చూసి. చిన్నదాన్ని మావారు దోమకాటనే అనుకున్నారు.

వైద్యశాల పేరు రాయడం లేదు. అక్కడ ఉన్నది ఒక్క డాక్టరు గారు, ఒక సహాయకుడు. ఇప్పటికే వచ్చేవాళ్ళకు సమయం చాలడం లేదని, పేరు పెట్టొద్దని ఆవిడే కోరారు. రైతు బజారు చుట్టుపక్కల కుక్కలను పెంచుకునే వాళ్ళను అడిగితే దారి చూపిస్తారు.

నేను అక్కయ్యపాలెంలో లేడీస్ టైలర్‌ని. పెళ్ళయిన దగ్గర నుంచీ బట్టతోనే పని. బంగారి లాబ్రడార్ కలిసిన ఆడకుక్క, తొమ్మిదేళ్ళది. ఆదివారం పూట మేడ మీద కూర్చోబెట్టి దువ్వడం మా ఇద్దరికీ అలవాటు. దువ్వెన తగిలిన చోట చెయ్యి ఆగుతుంది, గడ్డ ఉంటే అక్కడే తెలుస్తుంది. తెలిసిన వెంటనే టేపుతో కొలిచి, కస్టమర్ల కొలతలు రాసుకునే పుస్తకంలో చివరి పేజీ బంగారికి కేటాయించాను. తేదీ, వెడల్పు, తోక మొదలు నుంచి ఎంత దూరంలో ఉంది, మెత్తగా ఉందా గట్టిగా ఉందా, కదులుతోందా, పైన వెంట్రుకలు ఊడాయా. పక్కన 10 రూపాయల బిళ్ళ పెట్టి ఫోటో కూడా తీసేదాన్ని. ఆ బిళ్ళ 27 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే పెరిగిందో లేదో ఇట్టే తెలుస్తుంది.

ముందు ఇంటికి దగ్గరలో ఇంకోచోట చూపించాం. అక్కడి డాక్టరు పెద్ద గడ్డను రెండు వేళ్ళతో కదిపి, "మెత్తగా ఉంది, కదులుతోంది, కొవ్వే" అన్నారు. చిన్నదానికి ఆయింట్‌మెంటు రాశారు. పుస్తకం తెరిచి చూపిస్తే చూడలేదు. అందులో ఒక విచిత్రం ఉంది: చిన్న గడ్డ ఒక ఆదివారం 8 మిల్లీమీటర్లు, తర్వాత 12, ఆ తర్వాత 9. పెరిగి మళ్ళీ తగ్గుతోంది. తగ్గిన వారం ఇంట్లో వాళ్ళు సంతోషించారు. నాకు మాత్రం బొత్తిగా నచ్చలేదు. మామూలు కురుపు అయితే మానిపోవాలి, లేదా చీము పట్టాలి. ఇలా ఊగిసలాడేది ఏమిటో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఎంవీపీ డాక్టరు గారు మొదట అడిగింది ఆ పేజీనే. తన ఫోనులో ఫోటో తీసుకున్నారు. తర్వాత అడిగిన ప్రశ్న నన్ను ఆశ్చర్యపరిచింది: "ఈ మధ్య ఎవరైనా స్టెరాయిడ్ ఇంజెక్షన్ గానీ, మాత్రలు గానీ ఇచ్చారా అమ్మా?" ఇవ్వలేదన్నాను. ఎందుకు అడిగారో ఆవిడే చెప్పారు. ప్రెడ్నిసొలోన్ లాంటి మందు పడితే కొన్ని రకాల కణితులు తాత్కాలికంగా కుదించుకుపోతాయి, మనం నయమైపోయిందనుకుంటాం. ఆ తర్వాత సూది పెట్టినా కణాలు సరిగ్గా కనబడవు. జబ్బేమిటో తేలకముందే గడ్డకని స్టెరాయిడ్ ఇస్తామంటే, ముందు పరీక్ష చేయమని అడగండి. నాకు ఈ ఒక్క మాట తెలిసినందుకే అక్కడికి వెళ్ళడం వృథా కాలేదనిపించింది.

గడ్డ దగ్గరికి వెళ్ళే ముందు ఒళ్ళంతా తడిమారు. దవడ కింద, భుజాల ముందు, వెనక మోకాళ్ళ వెనక చేతులు పెట్టి చూశారు. మనకు గజ్జల్లో బిళ్ళ కట్టినట్టు కుక్కలకు ఆ చోట్ల బిళ్ళలు కడతాయి. అవి చర్మం మీది గడ్డలు కావు, లోపలి లింఫు గ్రంథులు. రెండు పక్కలా ఒకేసారి ఉబ్బితే అది లింఫోమా అనే క్యాన్సరు కావచ్చు, పిడుదుల వల్ల వచ్చే జ్వరమూ కావచ్చు. మన దగ్గర పిడుదులకు కొదవ లేదు కాబట్టి రక్తపరీక్ష కూడా చేయిస్తారట. తర్వాత పొట్ట కింద ఒక్కొక్క చనుకట్టునూ విడివిడిగా పట్టి చూశారు. బంగారికి చిన్నప్పుడే గర్భసంచి ఆపరేషన్ అయింది కాబట్టి రొమ్ము గడ్డల భయం తక్కువే అని చెబుతూనే, ఒక్కదాన్నీ వదల్లేదు. కుక్క బొమ్మ అచ్చువేసిన కాగితం మీద రెండు గడ్డలూ ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి, 1, 2 అని అంకెలు వేసి ఫైలులో పెట్టారు. ఇంకోసారి కొత్త గడ్డ వస్తే అది 3 అవుతుంది. "ఒకదాని ఫలితం ఇంకోదానికి చెల్లదు, ప్రతిదానికీ విడిగా పరీక్ష చేయాల్సిందే" అన్నారు.

సూది పరీక్ష అంటే చాలామంది భయపడతారు. ఫలానా వాళ్ళ కుక్కకు సూది పెట్టాక క్యాన్సరు పాకిందట అని మా వీధిలోనే అంటారు. ఆ మాటే అడిగాను. విసుక్కోలేదు. మూత్రాశయం లాంటి లోపలి భాగాల్లోని కొన్ని కణితుల విషయంలో ఆ జాగ్రత్త అవసరమేనని, చర్మం మీది గడ్డలకు ఈ పరీక్ష రోజూ చేసేదేనని, సూది పెట్టకుండా నెలలు గడిపితే జరిగే నష్టమే ఎక్కువని చెప్పారు. మనుషులకు చేసే ఎఫ్‌ఎన్‌ఏసీ పరీక్షే ఇది. సూది మనకు రక్తం తీసేదాని కన్నా లావుగా ఉండదు. మత్తు ఇవ్వలేదు. సహాయకుడు అబ్బాయి బంగారి తలను ఒడిసి పట్టుకుని గడ్డం కింద గోకుతూ ఉన్నాడు, డాక్టరు గారు గడ్డను బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టి సూదిని లోపల రెండు మూడు దిక్కులకు కదిపి తీశారు. బంగారి ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, అంతే. చిన్న గడ్డకు మాత్రం ముందుగా ఒక ఇంజెక్షన్ ఇచ్చి కాసేపు ఆగారు. కారణం తర్వాత చెబుతానన్నారు.

పెద్ద గడ్డ నుంచి తీసింది గాజుపలక మీద నూనెచుక్కలా మెరుస్తూ ఉండిపోయింది, ఎంతసేపటికీ ఆరలేదు. అదే కొవ్వుకు గుర్తట. రంగులో ముంచి మైక్రోస్కోపులో చూసి కూడా కొవ్వు కణాలేనని ఖాయం చేసుకున్నారు. చిన్నదాని పలక చూస్తున్నప్పుడు ఆవిడ మాట్లాడడం మానేశారు. తర్వాత లేచి, "మీరూ చూడండమ్మా" అని నన్ను కూర్చోబెట్టారు. గుండ్రటి కణాలు, ఒక్కొక్కదాని నిండా ముదురు ఊదా రంగు రేణువులు. కొన్ని పగిలి రేణువులు చుట్టూ చెదిరి ఉన్నాయి. నాకు శాస్త్రం తెలియదు గానీ రంగులు తెలుసు. మొదటి పలకకూ దీనికీ పోలికే లేదు. అవి మాస్ట్ కణాలు, ఈ కణితిని మాస్ట్ సెల్ ట్యూమర్ అంటారు, కుక్కల చర్మానికి వచ్చే ప్రాణాంతక కణితుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే అని చెప్పారు. బాక్సర్, పగ్, లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ జాతుల్లో ఎక్కువ. దీనికంటూ ఒక రూపం లేదు. పులిపిరిలా ఉండవచ్చు, కొవ్వు గడ్డలా మెత్తగా ఉండవచ్చు, పురుగు కుట్టిన దద్దురులా ఉండవచ్చు. కంటితో చూసి, వేళ్ళతో తడిమి పోల్చుకోవడం ఎంత అనుభవం ఉన్న డాక్టరుకైనా సాధ్యం కాదు.

నా పుస్తకంలోని 8, 12, 9 అర్థమైంది అప్పుడే. ఆ రేణువుల్లో హిస్టమిన్ అనే రసాయనం ఉంటుంది. కుక్క గీరుకున్నా, మనం నొక్కినా అది బయటికి వచ్చి గడ్డ ఉబ్బి ఎర్రబడుతుంది, తర్వాత తగ్గుతుంది. "తగ్గింది కదా అని ఊరుకోకండి. పెరిగి తగ్గే గడ్డను ఇంకా త్వరగా చూపించాలి" అన్నారు. ముందు ఇంజెక్షన్ ఇచ్చింది కూడా సూది తగిలితే వచ్చే ఆ హిస్టమిన్‌ను అడ్డుకోవడానికే. అదే హిస్టమిన్ కడుపులో ఆమ్లాన్ని పెంచుతుంది కాబట్టి ఇలాంటి కణితి ఉన్న కుక్కలకు వాంతులు, నల్లటి విరేచనం, కడుపులో పుండ్లు రావచ్చు. చర్మం మీద గడ్డ ఉండి నల్ల విరేచనం అయితే ఆ రోజే తీసుకురావాలి. సున్నం పెట్టడం, పసుపు కట్టి గట్టిగా బిగించడం, నొక్కి పిండడం, వీటిలో ఏదీ చేయకూడదు. నొప్పి తగ్గుతుందని మనుషులు వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలు అసలే వేయకూడదు, కుక్కలకు అవి విషంతో సమానం. ఈ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో బాధ వినిపించింది. అలా వేసి తెచ్చిన కుక్కలను చూసి ఉంటారు.

మరి ఏ గడ్డను ఎప్పుడు చూపించాలి? అక్కడ కూర్చున్న ప్రతివాళ్ళూ అడిగేది ఇదే. ఆవిడ అందరికీ చెప్పే లెక్క సులువైనది: బఠాణీ గింజంత, అంటే సెంటీమీటరు, ఉండి, నెల రోజులైనా పోకపోతే సూది పరీక్ష చేయించాల్సిందే. మెత్తగా ఉన్నా, నొప్పి లేకపోయినా, కుక్క ఉత్సాహంగా తిని తిరుగుతున్నా సరే. చాలామందికి ఈ నొప్పి లేకపోవడమే ధైర్యం ఇస్తుంది. నొప్పికీ క్యాన్సరుకూ అలాంటి సంబంధం లేదు, చీముగడ్డకు విపరీతమైన నొప్పి ఉంటుంది, కణితికి మొదట్లో ఏమీ ఉండకపోవచ్చు. ఇక వారాల్లోనే పెరుగుతున్నది, పుండుపడి రసి కారుతున్నది, కింది కండకు అతుక్కుపోయి కదలనిది, కాలివేళ్ళ మధ్య వచ్చింది, నోట్లో వచ్చింది, కనురెప్ప మీద వచ్చింది, చనుకట్టులో వచ్చింది అయితే నెల కూడా ఆగొద్దు, ఆ వారంలోనే వెళ్ళాలి. కాలివేళ్ళు, కనురెప్పల దగ్గర అదనపు చర్మం ఉండదు. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు తీస్తే కుట్లు వేయడానికి వీలుంటుంది, పెద్దదయ్యాక తీస్తే మూయడానికి చర్మం చాలదు. ముఖం హఠాత్తుగా ఉబ్బితే, ఊపిరి ఆడకపోతే, రక్తం ఆగకపోతే రాత్రయినా సరే, తెరిచి ఉన్న చోటికి పరుగెత్తాలి. టీకా వేసిన చోట వచ్చే చిన్న బొడిపె సాధారణంగా కొద్ది వారాల్లో కరిగిపోతుంది, అది కరగకుండా ఉన్నా, పెరుగుతున్నా చూపించాలి.

వేచి ఉండే గదిలో గడిపిన సమయం నాకు పాఠశాలే అయింది. ఆ గది ఇరుకు, రెండు బల్లలు, ఒక ఫ్యాను. కానీ లోపలి మాటలు బయటికి వినిపిస్తాయి, ఎవరూ దాచుకోరు. ఏడాది నిండని బీగిల్ పిల్లను తీసుకుని నేవీ క్వార్టర్స్ నుంచి ఒక జంట వచ్చింది. చెవి మీద ఎర్రగా, గుండీ అంత నున్నటి గడ్డ. ఆ అమ్మాయి అప్పటికే ఏడుస్తోంది. సూది పెట్టి చూసి, అది హిస్టియోసైటోమా అనే ప్రమాదం లేని గడ్డ అని, చిన్న వయసు కుక్కలకే ఎక్కువగా వస్తుందని, రెండు మూడు నెలల్లో చాలావరకు తనంతట తానే పోతుందని, ఆపరేషన్ తొందర లేదని చెప్పారు. ఇంకొకాయన షిట్జూ చెవి వెనక గడ్డ అని తెస్తే, వెంట్రుకలు పాయ తీసి చూపించారు: రక్తం తాగి ఉబ్బిన పిడుదు. చిమటాతో తీసేసి, మందు రాసి, కన్సల్టేషన్ ఫీజు కూడా తీసుకోకుండా పంపారు. పొట్ట మీద వరసగా గడ్డలు ఉన్నాయని మగకుక్కను తెచ్చిన పిల్లాడికి అవి చనుమొనలని, మగకుక్కలకు కూడా ఉంటాయని ఎంతో ఓర్పుగా వివరించారు.

నా మనసులో నిలిచిపోయింది మాత్రం లాసన్స్ బే వైపు వీధికుక్కలకు అన్నం పెట్టే ఒక పెద్దాయన. ఆటోవాళ్ళు ఎక్కించుకోకపోతే చేపలబుట్టలు తీసుకెళ్ళే బండి మాట్లాడుకుని ఒక ఆడకుక్కను తెచ్చారు. మర్మాంగం దగ్గర పెద్ద గడ్డ, రక్తం బొట్లు బొట్లుగా పడుతోంది. దాన్ని టీవీటీ అంటారు. జత కట్టినప్పుడు, నాకినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు కణితి కణాలే నేరుగా అంటుకుని పెరుగుతాయి, ఇలాంటి క్యాన్సర్లు లోకంలో చాలా అరుదు. చూడడానికి ఇంత భయంకరంగా ఉన్న ఈ గడ్డకు మందు ఉంది. విన్‌క్రిస్టిన్ అనే ఇంజెక్షన్ వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు నరానికి ఇస్తే చాలా కుక్కలకు పూర్తిగా పోతుంది. ఆ ఆడకుక్కను తర్వాతి సారి నేను మళ్ళీ చూశాను. గడ్డ సగానికి పైగా కరిగింది. వీధికుక్కలకు మందు ఖర్చు తప్ప ఫీజు తీసుకోనని పెద్దాయనతో ఆవిడ నెమ్మదిగా చెప్పడం విన్నాను. ఇలాంటి కుక్క కనిపిస్తే రాళ్ళు వేసి తరమకుండా ఎవరికైనా చెప్పండి, దానికి నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ.

ముసలి పొమరేనియన్‌తో వచ్చిన ఒకావిడ కథ అలా లేదు. చనుకట్టులో ద్రాక్షపండంత గడ్డ ఏడాదిగా ఉందట. రొమ్ము గడ్డల్లో దాదాపు సగం ప్రాణాంతకమైనవి ఉంటాయి, అది ఊపిరితిత్తులకు పాకిందేమో చూడడానికి ముందు ఎక్స్‌రే తీయించుకురమ్మని పంపారు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు.

ఇక మా బంగారి ఆపరేషన్. సూది పరీక్ష ఏ కణితో చెబుతుంది గానీ ఎంత తీవ్రమైనదో చెప్పదు. అది తీసేసిన గడ్డను మొత్తంగా పరీక్షిస్తేనే తెలుస్తుంది. ముందు రక్తపరీక్షలు, కాలి వెనక లింఫు గ్రంథికి కూడా సూది, పొట్ట స్కానింగు. స్కానింగు ఇక్కడ లేదు, సీతమ్మధార వైపు పంపారు. బంగారి గడ్డ సెంటీమీటరే అయినా కోత చాలా పెద్దదిగా ఉంటుందని ముందే కాగితం మీద గీసి చూపించారు. చుట్టూ రెండు సెంటీమీటర్ల మంచి చర్మం, కింద ఒక పొర కూడా కలిపి తీయాలి. జాకెట్టు గుడ్డ కత్తిరించేటప్పుడు మేము గీత మీద కత్తెర పెట్టం, బయటికి వదిలి కోస్తాం. అలాగే ఇదీ. కంటికి కనిపించే అంచు దాటి కూడా కణాలు ఉంటాయి కాబట్టి గడ్డ ఉన్నంత మేరకే తీస్తే మళ్ళీ వస్తుంది. ఈ విషయం ముందుగా చెప్పబట్టి, ఆపరేషన్ అయ్యాక తొడ మీద అంత పొడవు కుట్లు చూసి మావారు బెంబేలెత్తలేదు.

ఆ కుట్ల గురించి నేను చెప్పాలి. కుట్లు చూడడమే నా వృత్తి. ఎడం సమానంగా ఉంది, ఎక్కడా చర్మం ముడుచుకోలేదు, ముళ్ళు అన్నీ ఒకే పక్కకు ఉన్నాయి. లోపల కరిగిపోయే దారంతో ఒక వరస, పైన ఇంకో వరస. మూలల్లో ఉబ్బు లేదు. చెయ్యి స్థిరంగా ఉన్న మనిషి, తొందరపడని మనిషి వేసిన కుట్లు అవి. కుట్లు నాకకుండా మెడకు పెట్టే ప్లాస్టిక్ గరాటు బంగారికి సరిపడేది వాళ్ళ దగ్గర లేదు, ఉన్నది పెడితే నీళ్ళు తాగలేకపోయింది. నేనే పాత నూలు చీరతో తొడ కప్పేలా, తోకకు చోటు వదిలి, నడుం దగ్గర నాడాలతో ఒక లాగు కుట్టాను. కుట్లు తీసే రోజున డాక్టరు గారు దాన్ని తిరగేసి మరగేసి చూసి, వేరే కుక్కలకు పనికొస్తుందని కొలతలు అడిగారు. ఇప్పుడు మూడు సైజుల్లో కుట్టి అక్కడ ఉంచాను, డబ్బు తీసుకోను.

తీసిన గడ్డను ఫార్మలిన్ సీసాలో వేసి బయటి ఊరి ల్యాబుకు పంపారు. రిపోర్టు రావడానికి వారం పైనే పట్టింది. అన్నిటికన్నా కష్టంగా గడిచింది ఆ రోజులే. రిపోర్టులో రెండు రకాల గ్రేడు ఇచ్చారు. 1984లో వచ్చిన పద్ధతిలో మూడు గ్రేడులు ఉంటాయి, 2011లో వచ్చిన పద్ధతిలో తక్కువ తీవ్రత, ఎక్కువ తీవ్రత అని రెండే. మాది మొదటి లెక్కలో రెండో గ్రేడు, రెండో లెక్కలో తక్కువ తీవ్రత, అంచుల్లో క్యాన్సరు కణాలు లేవు. ఆవిడ ఫోనులో చెప్పేసి ఊరుకోకుండా రమ్మని కూర్చోబెట్టి, ఒక్కొక్క వాక్యం తెలుగులో చెప్పి, మూడు నెలలకోసారి చూపించమన్నారు. కొవ్వు గడ్డను ముట్టుకోలేదు. అది నడకకు అడ్డు పడితేనో, పెరిగితేనో మళ్ళీ సూది పెట్టి ఆలోచిద్దామన్నారు. బరువు మాత్రం తగ్గించమన్నారు. బంగారికి పెట్టే అన్నం తగ్గించి, ఉడికించిన గుమ్మడికాయ, బీన్స్ కలుపుతున్నాం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. నేల మీద నున్నటి పలకలు, ముసలి కుక్కలు జారిపోతాయి. బంగారి వెనక కాళ్ళు రెండుసార్లు జారాయి, కుట్లు ఉన్న కాలుతో అలా జారడం చూడలేకపోయాను. ఒక రబ్బరు పట్టా వేయమని చెప్పాను, ఇంకా వేయలేదు. పిల్లులకు విడిగా చోటు లేదు. ఫోను చాలాసార్లు ఎత్తరు, ఆపరేషన్ వేళల్లో అసలే ఎత్తరు, కాబట్టి అత్యవసరానికి ఈ చోటును నమ్ముకోకూడదు. రాత్రి తొమ్మిది తర్వాత తెరిచి ఉండదు. రాత్రిపూట ఎక్కడికి వెళ్ళాలో కాగితం మీద రాసి గోడకు అంటిస్తే ఎంతోమందికి మేలు జరుగుతుంది. ఎక్స్‌రే, స్కానింగు లేకపోవడం వల్ల జబ్బు కుక్కను ఊరంతా తిప్పాల్సి వస్తుంది.

ఖర్చు నాకు దాచే అలవాటు లేదు. చూసినందుకు 400 రూపాయలు, రెండు గడ్డలకూ సూది పరీక్ష, పలకలు చదవడం కలిపి 1,200. ఆపరేషన్‌కు, మత్తుకు, మందులకు కలిపి 14,000 అయింది, ల్యాబు రిపోర్టు వేరు. నా సంపాదనకు అది చిన్న మొత్తం కాదు, సంక్రాంతి ముందు కుట్టిన జాకెట్ల డబ్బు దానికే సరిపోయింది. కానీ ముందుగా కాగితం మీద లెక్క రాసి ఇచ్చారు, చివరి బిల్లు ఆ లెక్కను దాటలేదు. ఒకేసారి కట్టలేమంటే రెండు విడతలుగా తీసుకున్నారు. సూది పరీక్ష ఒక్కటే చేయించుకోవడానికి వచ్చే వాళ్ళకు ఇది మరీ భారం కాదు. పెద్ద ఆపరేషన్ మాట ఎత్తి భయపెట్టే ముందు, తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష చేసి విషయం తేల్చడం నాకు నిజాయితీగా కనిపించింది.

వెళ్ళేవాళ్ళకు కొన్ని మాటలు. ఉదయం పదికి ముందు వెళ్ళండి, ఆదివారం సాయంత్రం వద్దు, జనం ఎక్కువ. అక్కయ్యపాలెం, తాటిచెట్లపాలెం వైపు నుంచి వచ్చేవాళ్ళు సాయంత్రం మద్దిలపాలెం కూడలిలో ఇరుక్కుపోతారు. గడ్డ చుట్టూ నూనె, పసుపు, పౌడరు ఏమీ రాయకుండా తీసుకెళ్ళండి. గడ్డ మొదట ఎప్పుడు కనిపించిందో, ఎంత ఉండేదో రాసుకుని వెళ్ళండి. గుర్తు లేకపోతే ఫోనులో పాత ఫోటోలు వెతకండి, కుక్క పడుకున్న ఫోటోల్లో చాలాసార్లు గడ్డ కనబడుతుంది. ఇప్పటివరకు వాడిన మందుల చీటీలు, టీకా పుస్తకం పట్టుకెళ్ళండి. పాత పరుపు దుప్పటి ఒకటి తీసుకెళ్ళి ఆ జారే నేల మీద పరవండి. ఒకటి కన్నా ఎక్కువ గడ్డలుంటే అన్నీ చూపించండి, చిన్నవాటిని కూడా. ఆవిడ అడుగుతారు, అడగకపోయినా మీరే చెప్పండి.